బీఎంపీ-2 విమానం ఎక్కనని మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

2020లో వాయుసేన తూర్పు లద్దాఖ్‌కు చేరవేసిన వాటిలో బీఎంపీ-2లూ (జవాన్లను మోసుకెళ్లే, ఇనుప ట్రాక్‌ల మీద నడిచే యుద్ధ వాహనాలు) ఉన్నాయి. మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో తయారయ్యే బండి ఇది, బరువు 14.3 టన్నులు. 77 టన్నులు మోసే సీ-17 రవాణా విమానానికి ఇదో లెక్కా అనిపిస్తుంది. కానీ తంటాలు బరువుతో రావు.

ర్యాంప్ (విమానం వెనక ఎక్కే వాలు తలుపు) మీద బండి పక్కకు లాగుతోంది

ట్రాక్ బండికి కారులా పక్కకు తిప్పే చక్రాలుండవు. ఒక ట్రాక్‌ను ఆపి రెండోదాన్ని నడిపితే నేలను రాసుకుంటూ తిరుగుతుంది. వంకరగా వచ్చిన బండిని ర్యాంప్ మీద సరిచేయబోతే విమానం నేల చీరుకుపోతుంది. పూర్తిగా కిందికి దింపి, దూరం నుంచే తిన్నగా నిలిపి, మళ్లీ ఎక్కించాలి. ఐఎల్-76 రవాణా విమానంలో మరీ జాగ్రత్త: లోపలి వెడల్పు 3.45 మీటర్లు, బండి 3.15. అటూ ఇటూ జానెడు కూడా మిగలదు. డ్రైవర్ ఒక్క మనిషి సైగలే చూడాలి. పది మంది చేతులూపితే గోడ తగలడం ఖాయం.

నేల మీద గీతలు, సొట్టలు

ట్రాక్ ఇనుము నేరుగా తగులుతోంది, లేదా సందుల్లో రాళ్లు ఇరుక్కున్నాయి. బురద, రాళ్లు కడిగేసి, ట్రాక్ నడిచే దారంతా చెక్క పలకలు పరవాలి.

లోడ్‌మాస్టర్ (విమానంలో సరుకు సర్దించే సిబ్బంది) లెక్కకు, బండి మీది సీజీ (గరిమనాభి) గీతకు పొంతన లేదు

నా అనుభవంలో ఎక్కువ ఆలస్యం ఇక్కడే. గీత ఖాళీ బండికి గీస్తారు. తర్వాత మందుగుండు, పనిముట్లు, జవాన్ల మూటలు చేరతాయి. ఇంజన్ ముందుండే బండి కదా, వెనక నింపిన ప్రతి పెట్టె గరిమనాభిని వెనక్కి జరుపుతుంది. అన్నీ సర్దాకే తూకం వేయాలి. తూకంతో పాటు సీజీ తేల్చే సాధనం దొరకకపోతే పాత పద్ధతి ఉంది: గట్టి నేల మీద అడ్డంగా ఓ దుంగ వేసి, బండిని దాని మీదికి మెల్లగా ఎక్కిస్తే ఒకచోట ఏతాంలా ముందుకు ఒరుగుతుంది. సరిగ్గా ఆ క్షణంలో దుంగకు ఎదురుగా ఉన్న చోట పక్క రేకు మీద గీత గీయాలి. ఆ తర్వాత ఒక్క పెట్టె కదిపినా మళ్లీ మొదటికే.

బిగించిన గొలుసులు వదులవుతున్నాయి

బండి కింద టార్షన్ బార్లు, అంటే మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు ఉంటాయి. అది స్ప్రింగు మీద కూర్చున్నట్టే, కదిలిన కొద్దీ కుదురుకుంటుంది. ఇంజన్ ఆపి, బ్రేకు వేసి, కుదురుకున్నాక బిగించాలి. టేకాఫ్ అయ్యాక ఇంకోసారి చూడాలి. ఒకే దిశలో గొలుసులనూ నైలాన్ పట్టీలనూ కలపొద్దు. పట్టీ సాగుతుంది, భారమంతా గొలుసు మీదే పడుతుంది.

గొలుసుల సంఖ్య చాలకపోయినా అంతే. ముందుకు తోసుకుపోకుండా బరువుకు 3 రెట్లు పట్టు కావాలి: 42.9 టన్నులు. 25,000 పౌండ్ల గొలుసు అంటే 11.3 టన్నులు. కానీ నేలకు 30, పక్కకు 30 డిగ్రీల వాలులో కడితే ముందు దిశలో దక్కేది 8.5 మాత్రమే. ఐదు కడితే ఒక వెంట్రుకవాసి తక్కువ. అందుకే ఆరు, అటు మూడు ఇటు మూడు. నేలలోని రింగు, బండి కొక్కెం కూడా అంత భారం ఆపాలి.

ఎగిరాక డీజిల్ వాసన

ట్యాంకు నిండా పోశారు. పైకెళ్లాక గాలి ఒత్తిడి తగ్గి మూత దగ్గర ఊరుతుంది. బీఎంపీ వెనక తలుపుల్లోనూ ఇంధనం ఉంటుంది, చాలామంది అవి చూడరు. ముప్పావుకు మించొద్దు, ర్యాంప్ మీదే నిలబెట్టే బండికైతే సగమే.

లేహ్‌లో ఇంజన్ స్టార్ట్ కావడం లేదు

మైదాన ప్రాంతంలో పోసిన డీజిల్ చలికి చిక్కబడింది, బ్యాటరీ నీరసించింది. 2019లో ఇండియన్ ఆయిల్ తెచ్చిన శీతాకాలపు డీజిల్ మైనస్ 33 డిగ్రీల దాకా పారుతుంది. ఎక్కించే ముందే అది పోసి, ఫిల్టర్లలోకీ చేరేదాకా ఇంజన్ నడపాలి. లాగే తాడు బయల్దేరేటప్పుడే కొక్కేనికి తగిలించి ఉంచండి. అక్కడ మధ్యాహ్నం గాలులు లేస్తాయి కాబట్టి విమానాలు ఎక్కువగా పొద్దున్నే వచ్చి వెళ్లిపోతాయి. మొరాయించిన బండి దగ్గర సెల్ఫ్ కొడుతూ కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు.