మొదటి క్లాసులోనే పిల్లల చేత మాట్లాడించాలంటే

కొత్త బ్యాచ్‌కి మొదటి రోజు పాఠం చెప్పబోయే లెక్చరర్లకు ఒక మాట. సిలబస్, అటెండెన్స్, ఇంటర్నల్ మార్కుల సంగతులన్నీ చివరి పది నిమిషాలకు ఉంచేయండి. లోపలికి వెళ్లగానే బోర్డు మీద ఒక ప్రశ్న రాయండి. ఫిజిక్స్ అయితే ఇది బాగుంటుంది: నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి అన్నిటికంటే ఎత్తుకు చేరిన క్షణంలో దాని త్వరణం (వేగం మారే రేటు) ఎంత?

ముందు ఒక నిమిషం ఎవరికి వారే నోట్‌బుక్‌లో జవాబు రాసుకోవాలి. తర్వాత రెండు నిమిషాలు పక్కవాళ్లతో వాదించుకోవాలి. చాలామంది సున్నా అంటారు, అక్కడ వేగం సున్నా కాబట్టి. కానీ భూమి లాగడం ఆపదు కదా, త్వరణం కిందివైపు 9.8 మీ/సె² ఉంటుంది. అది మీరు వెంటనే చెప్పేయకండి. చేతులు ఎత్తించి, ఏ జవాబుకు ఎంతమందో బోర్డు మీద వేసి, మళ్లీ మాట్లాడుకోనివ్వండి. అమెరికాలో ఫ్రాంక్ లైమన్ అనే విద్యావేత్త 1981లో ప్రతిపాదించిన ‘థింక్-పెయిర్-షేర్’ (ముందు ఒక్కరే ఆలోచించి, జంటగా చర్చించి, తర్వాత అందరితో పంచుకోవడం) పద్ధతికి దగ్గరగా ఉండేదే ఇది.

ఆ రెండు నిమిషాలూ తెలుగులోనే మాట్లాడుకోనివ్వండి, దయచేసి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు చాలాసార్లు నోరు విప్పనిది తెలియక కాదు, ఇంగ్లిష్ టెన్షన్‌తో. ఒక్కరినే నిలబెట్టి “నువ్వు చెప్పు” అనొద్దు. “మీ ఇద్దరూ ఏమనుకున్నారు?” అని అడగండి. తప్పయినా ఇద్దరిదీ కాబట్టి ధైర్యంగా చెప్తారు.