జీవిత చరిత్ర రాయడం, 4వ పాఠం: మలుపు దగ్గర ఆగండి

పోయిన పాఠంలో తేదీల పట్టిక వేసుకున్నాం కదా. ఈసారి ఆ పట్టికలో మలుపు ఎక్కడుందో పట్టుకుందాం. ఉదాహరణకి నాకెంతో ఇష్టమైన మనిషిని తీసుకున్నాను: ఫ్రెంచి సోషలిస్టు నాయకుడు జాఁ జోరెస్.

ముందు పట్టిక చూడండి. 1859లో దక్షిణ ఫ్రాన్సులోని కాస్త్ర్‌లో పుట్టాడు. 1881లో ఆల్బీలో ఫిలాసఫీ మాస్టారుగా చేరాడు. తర్వాత తులూజ్‌లో కాలేజీ పాఠాలు చెప్పాడు. 1885లో పార్లమెంటుకి గెలిచాడు కానీ అప్పటికి సోషలిస్టు కాదు, మితవాద రిపబ్లికన్. 1889లో ఓడిపోయి మళ్ళీ పాఠాలకే వెళ్ళాడు. 1893లో సోషలిస్టుగా గెలిచాడు.

"కార్మికుల కష్టాలు చూసి చలించిపోయాడు" అని ఇక్కడ ఒక్క వాక్యంతో దాటేస్తుంటారు. నేనూ మొదట్లో అలాగే రాసేవాణ్ణి. ఏ నాయకుడి పేరు పెట్టినా ఆ వాక్యం సరిపోతుంది, అందుకే అది పనికిరాదు. 1889కీ 1893కీ మధ్య ఏం జరిగిందో వెతకాలి.

ఆల్బీకి దగ్గర్లో కర్మో అని బొగ్గుగనుల ఊరు. 1892లో అక్కడి జనం కల్విన్యాక్ అనే గని కార్మికుణ్ణి మేయరుగా ఎన్నుకున్నారు. మేయరు పనులు చూసుకోవాలంటే గనికి కొన్ని రోజులు సెలవు పెట్టక తప్పదు. కంపెనీ ఆయన్ని పనిలోంచి తీసేసింది. గని మొత్తం సమ్మెకి దిగింది, ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. తులూజ్‌లో ఉన్న మాస్టారు కార్మికుల తరఫున పత్రికలో రాశాడు. వాళ్ళు వేసిన ఓటుకి గనిలో విలువ లేకపోతే ఇంక ప్రజాస్వామ్యం ఏమిటన్నది ఆయన బాధ. ఆ ప్రాంతం ప్రతినిధి, గని యజమానుల్లో ఒకడైన సొలాజ్, రాజీనామా చేశాడు. ఖాళీ అయిన సీటులో కార్మికులు జోరెస్‌ని గెలిపించుకున్నారు.

ఒక్క జాగ్రత్త. మలుపుకి ఒకే కారణం అంటగట్టకండి. జోరెస్‌ని పుస్తకాలు అప్పటికే అటు లాగుతున్నాయి. సమ్మె జరిగిన 1892లోనే జర్మన్ సోషలిజం మూలాల మీద లాటిన్‌లో థీసిస్ ఇచ్చాడు. పుస్తకమూ గనీ రెండూ మీ పేరాలో ఉండాలి. 1904లో 'ల్యుమానితే' పత్రిక పెట్టడం లాంటివి తర్వాత ఒక్కో వాక్యంలో చెప్పినా చాలు.

అభ్యాసం: 1914 జులై 31 రాత్రి, పారిస్. యుద్ధం రాకుండా ఆపాలని తంటాలు పడుతున్న జోరెస్, క్రువాసాఁ కేఫ్‌లో తెరిచిన కిటికీకి వీపు పెట్టి భోజనానికి కూర్చున్నాడు. విలాఁ అనే యువకుడు బయటి నుంచి కాల్చి చంపాడు. మూడు రోజులకి జర్మనీ ఫ్రాన్సు మీద యుద్ధం ప్రకటించింది. 1919లో కోర్టు విలాఁని నిర్దోషి అని వదిలేసింది. దీన్ని ఎనిమిది వాక్యాల్లో రాయండి. కిటికీతో మొదలుపెట్టండి. 'అమరుడు', 'మహనీయుడు' అనే మాటలు వాడకండి. రాశాక పైకి చదవండి. ఎక్కడ ఊపిరి అందకపోతే అక్కడ వాక్యాన్ని రెండుగా విరవండి.