ఒక వీధి తీగల్ని భూమిలోకి దించడం: కరెంటు, ఫైబర్ ఒకే కందకంలో

ముందు స్తంభం కింద నిలబడి దాని మీద ఏమేం ఉన్నాయో రాసుకోండి. నాలుగు ఎల్‌టీ (ఇళ్లకు వచ్చే తక్కువ వోల్టేజి) తీగలు, వీధిదీపం, రెండు మూడు కంపెనీల ఇంటర్నెట్ ఫైబర్, కేబుల్ టీవీ వైరు, ఎవరూ వాడని పాత టెలిఫోన్ తీగ. ఏపీలో అయితే ఫైబర్‌నెట్ లైను కూడా కరెంటు స్తంభాల మీదుగానే వచ్చి ఉంటుంది. వీటిలో ఒక్కటి కిందికి దిగకపోయినా స్తంభం అక్కడే ఉంటుంది. కరెంటు కేబుల్ వేసి, రోడ్డు పూడ్చేశాక ఫైబర్ వాళ్లను పిలిస్తే వాళ్లు మళ్లీ తవ్వుతారు. అప్పుడు కొత్త కేబుల్‌కే గడ్డపార తగులుతుంది. అందుకే అందరినీ మొదటి రోజే కూర్చోబెట్టి, కందకం ఒక్కసారే తవ్వాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకాక, అక్కడ ప్రపంచ బ్యాంకు రుణంతో పెద్ద ఎత్తున భూగర్భ కేబుళ్లు వేశారు. ఇక్కడ చెప్పేది అంత పెద్ద పని కాదు. 300 మీటర్ల వీధి, 40 ఇళ్లు, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ అనుకుందాం.

అనుమతులు

లైను డిస్కమ్‌ది, అంటే కరెంటు పంపిణీ సంస్థది. కాలనీ సంఘం డబ్బు పెట్టినా పని డిస్కమ్ మంజూరు చేసిన ఎస్టిమేట్ ప్రకారమే, లైసెన్సున్న కాంట్రాక్టరుతో జరగాలి. డిస్కమ్ సెక్షన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) దరఖాస్తు ఇస్తూ వీధి పటం, ఇళ్ల లెక్క, ఒక్కో ఇంటి లోడు జతచేయండి. రోడ్డు కోతకు మున్సిపాలిటీ అనుమతి వేరు. నీటి పైపులు, డ్రైనేజీ ఎక్కడున్నాయో వాళ్ల పటం అడగండి. 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌లో తవ్వే చోటు నమోదు చేయండి. ఆ పటాలు చూసి కూడా ప్రతి 30 మీటర్లకొక చోట చేత్తో అడ్డగుంట తవ్వి చూడాలి. పటంలో ఎడమన ఉన్న నీటి పైపు నేలలో కుడిన దొరకడం మామూలే.

ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే 11 కేవీ లైను కూడా దించాలంటే ఆర్‌ఎంయూలు (రింగ్ మెయిన్ యూనిట్లనే స్విచ్ పెట్టెలు), ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ తనిఖీ అన్నీ వస్తాయి. అది పూర్తిగా డిస్కమ్ చేతిలో ఉంచాల్సిన పని.

కేబుల్ లెక్క

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రెండు వైపులకు రెండు ఫీడర్లు (ప్రధాన కేబుళ్లు), ఒక్కోదానికి 20 ఇళ్లు. ఇంటికి 5 కిలోవాట్లు అనుకుంటే 100 కిలోవాట్లు. అందరూ ఒకేసారి పూర్తిగా వాడరు కాబట్టి సగం, అంటే 50. ఇది ఫేజుకు దాదాపు 73 ఆంపియర్లు. మూడున్నర కోర్ల (మూడు పూర్తి తీగలు, ఒక సన్న న్యూట్రల్ తీగ) 95 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్, ఎక్స్‌ఎల్‌పీఈ ప్లాస్టిక్ తొడుగు, పైన ఆర్మర్ అనే ఉక్కు కవచం ఉన్నది (భారత ప్రమాణం ఐఎస్ 7098 మొదటి భాగం), నేలలో దాదాపు 200 ఆంపియర్లు మోస్తుంది. మొత్తం లోడు 150 మీటర్ల చివరే ఉందనుకున్నా వోల్టేజి తగ్గుదల 8 వోల్టులకు మించదు, అంటే 2 శాతం లోపు. ఏసీలు, కార్ల చార్జర్లు పెరిగినా చోటుంటుంది. డిస్కమ్ ప్రామాణిక సైజు ఇంతకంటే పెద్దదైతే అదే వేయండి.

న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) గురించి కాస్త ఆగి ఆలోచించాలి. మూడున్నర కోర్లలో ఆ ‘అర’ కోరు 50 చదరపు మిల్లీమీటర్లే. సింగిల్ ఫేజు ఇళ్లన్నీ ఒకే ఫేజు మీద పడితే న్యూట్రల్ కాగుతుంది, లగ్ (తీగ చివర బిగించే లోహపు ముక్క) వదులవుతుంది, చివరికి తెగుతుంది. న్యూట్రల్ తెగిన క్షణాన కొన్ని ఇళ్లలో 230 వోల్టుల చోట 400కు దగ్గరగా వచ్చి ఫ్రిజ్‌లు, టీవీలు కాలిపోతాయి. ఇళ్లను ఆర్, వై, బీ అనే మూడు ఫేజులకు సమానంగా పంచి, ఆ జాబితాను ఫీడర్ పిల్లర్ (వీధిలో కరెంటు పంచే పెట్టె) తలుపు లోపల అంటించండి. సింగిల్ ఫేజు ఇళ్లే ఎక్కువైతే నాలుగు సమాన కోర్ల కేబుల్ అడగండి. తేడా ఖర్చు ఒక్క వీధి సామాను కాలిపోవడం కంటే తక్కువే.

భూమిలో జాయింటు పెట్టకండి. కేబుల్ పాడయ్యే చోట్లలో మొదటిది జాయింటే. ఐదిళ్లకొక ఫీడర్ పిల్లర్ చొప్పున ఎనిమిది పెట్టి, కేబుల్ ఒక పిల్లర్‌లోకి వచ్చి అందులోంచే తర్వాతి దానికి వెళ్లేలా వేయాలి. కోత ఏదైనా పిల్లర్‌లోనే పడుతుంది. రేపు లోపం వస్తే రెండు పిల్లర్ల మధ్య ముక్క ఒక్కటి విడదీసి వెతకొచ్చు. ప్రతి చివరా 3 మీటర్లు అదనంగా చుట్టి మట్టిలో వదలాలి. మళ్లీ లగ్ వేయాల్సి వస్తే ఆ పొడవే కాపాడుతుంది. వీటన్నిటితో కలిపి కేబుల్ 400 మీటర్లు తెప్పించండి.

కందకం

ఐఎస్ 1255 ప్రకారం ఎల్‌టీ కేబుల్ పైభాగం నేల నుంచి కనీసం 75 సెంటీమీటర్లు కింద ఉండాలి. రోడ్డు దాటేచోట మీటరు. కేబుల్ మందం, కింది ఇసుక కలుపుకొని 90 సెంటీమీటర్లు తవ్వాలి. ఫైబర్ గొట్టం కూడా ఇందులోనే వెళుతుంది కాబట్టి వెడల్పు 60. మొత్తం తవ్వకం 160 ఘనమీటర్ల పైచిలుకు.

అడుగున 8 సెంటీమీటర్ల ఇసుక, దాని మీద ఒక గోడ వైపు కేబుల్, రెండో గోడ వైపు ఫైబర్ గొట్టం. మధ్య కనీసం 30 సెంటీమీటర్లు. ఫైబర్‌కు కరెంటు వల్ల గోల ఉండదు గాని, ఒకరు మరమ్మతుకు తవ్వితే రెండోవాళ్లది తెగకూడదు. నీటి పైపుకూ ఇదే దూరం పాటించండి. పైన మళ్లీ 8 సెంటీమీటర్ల ఇసుక. ఇసుక 36 ఘనమీటర్లు పడుతుంది. రాళ్లు లేకుండా జల్లెడ పట్టించండి. కేబుల్ మీదుగా ఇటుకలు అడ్డంగా పేర్చితే 2,750 కావాలి. ఇటుకల పైన మట్టి వేసి, నేలకు 30 సెంటీమీటర్ల కింద హెచ్చరిక టేపు పరవాలి.

నేలను బట్టి మార్పులుంటాయి. నల్లరేగడి ఎండకు పగులుతుంది, వానకు ఉబ్బుతుంది. ఆ కదలికకు బిగుతుగా లాగిన కేబుల్ లగ్‌ల దగ్గర ఊడివస్తుంది. కాబట్టి పాము పాకినట్టు కాస్త వదులుగా పరవండి. తెలంగాణలో బండరాయి తగిలి 75 సెంటీమీటర్ల లోతు రాకపోతే ఏఈ ఒప్పుకోలుతో జీఐ (జింకు పూత ఇనుప) పైపులో వేసి కాంక్రీటు పోయాలి. తీరంలో ఉప్పునీరు ఆర్మర్‌ను తింటుంది. చివరల్ని గట్టిగా సీలు చేయండి.

రోడ్డు అడ్డంగా దాటే ప్రతిచోటా డీడబ్ల్యూసీ (రెండు పొరల ముడతల ప్లాస్టిక్) పైపు వేసి, పక్కనే ఖాళీ పైపు ఇంకొకటి ఉంచండి. పైపు లోపలి వ్యాసం కేబుల్‌కు కనీసం ఒకటిన్నర రెట్లుండాలి.

కేబుల్ చుట్టి వచ్చిన డ్రమ్మును జాకీల మీద ఎత్తి, పైనుంచి కేబుల్ వచ్చేలా తిప్పుతూ, 2 మీటర్లకొక రోలర్ మీద లాగాలి. నేల మీద ఈడ్చితే తొడుగు చిరిగి, ఆ చిరుగులోంచి దిగిన తేమ రెండు మూడు వానాకాలాల తర్వాత కాటేస్తుంది. వంపు వ్యాసార్థం కేబుల్ మందానికి 12 రెట్లు, అంటే ఈ కేబుల్‌కు అర మీటరు. కోసిన చివరకు వెంటనే టోపీ వేయండి. ఒక్క రాత్రి వానలో తెరిచి ఉంచినా తీగల మధ్యకు నీళ్లు పాకుతాయి.

డ్రమ్ము మీద ఉన్నప్పుడు, పరిచాక పూడ్చకముందు, లగ్‌లు వేశాక, మూడుసార్లు 1000 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టండి. కొత్త కేబుల్ వందల మెగాఓమ్‌లు చూపాలి. రెండోసారి పడిపోతే తప్పు పరవడంలో ఉంది, ఇంకా తెరిచే ఉంది కాబట్టి వెతకడం సులువు.

పిల్లర్లు, ఇళ్లు

పిల్లర్ దిమ్మె గత వానల్లో నీళ్లు నిలిచిన మట్టం కంటే పైకి కట్టాలి. పిల్లర్ లోపలి రాగి బస్‌బార్‌కు (కరెంటు పంచే పట్టీకి) అల్యూమినియం కేబుల్ కలిపేచోట బైమెటాలిక్ (రెండు లోహాల) లగ్ తప్పనిసరి. మామూలు లగ్ కొన్నాళ్లకు తుప్పు పట్టి వేడెక్కుతుంది. ఆర్మర్‌ను రెండు చివరలా ఎర్త్ చేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక్కో ఫీడర్‌కు 125 ఆంపియర్ల హెచ్ఆర్‌సీ (పెద్ద షార్ట్‌సర్క్యూట్‌నూ తట్టుకునే) ఫ్యూజు సరిపోతుంది. ఫ్యూజు స్థానంలో తీగ చుట్టనివ్వకండి.

ఇంటికి సింగిల్ ఫేజైతే రెండు కోర్ల 10, మూడు ఫేజులైతే నాలుగు కోర్ల 16 చదరపు మిల్లీమీటర్ల ఆర్మర్డ్ కేబుల్. గోడలోకి దూర్చే పైపు బయటికి వాలుగా ఉండాలి, లేకపోతే వాననీరు మీటరు పెట్టెలోకి చేరుతుంది. మీటరు సీలు తీసేది డిస్కమ్ సిబ్బందే.

ఫైబర్

40/33 మిల్లీమీటర్ల (బయటి, లోపలి వ్యాసాలు) పీఎల్‌బీ గొట్టాలు, అంటే లోపల జారుడు పూత ఉన్న ప్లాస్టిక్ గొట్టాలు రెండు వేయండి. ఒకటి ఇప్పటి కంపెనీలన్నిటికీ, ఒకటి రేపటికి. 50 మీటర్లకొక చిన్న చాంబరు, లోపల లాగుడు తాడు. మలుపులో ఎల్బో పెట్టకూడదు, గొట్టాన్నే నెమ్మదిగా వంచాలి. చాంబరు నుంచి ప్రతి ఇంటికీ 25 మిల్లీమీటర్ల గొట్టం, ఇవాళ కనెక్షన్ లేని ఇంటికి కూడా. ఖాళీ గొట్టాల నోళ్లు మూసేయండి. తెరిచి ఉంటే ఎలుకలు దూరి ఫైబర్ కొరుకుతాయి, బురద చేరి మళ్లీ తాడు కదలదు.

మార్పిడి రోజు

పాత లైను నడుస్తుండగానే కొత్తదాన్ని పూర్తిగా సిద్ధం చేసి, ఛార్జ్ చేసి (కరెంటు ఇచ్చి), ఇళ్లేవీ కలపకుండా ఒక రోజు ఉంచండి. తర్వాత ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపారని డిస్కమ్ ఇచ్చే అనుమతి) తీసుకుని ఇళ్లను ఒక్కొక్కటిగా మార్చాలి. ఎల్‌సీ ఉందని తీగ ముట్టకూడదు. ఏ ఇంటి జనరేటరో, తప్పుగా కలిపిన ఇన్వర్టరో వెనక నుంచి కరెంటు పంపుతూ ఉండొచ్చు. టెస్టర్‌తో చూసి, డిశ్చార్జి రాడ్డు (తీగను భూమికి కలిపే కడ్డీ) వేశాకే చేయి పెట్టాలి. దీన్ని వదిలేస్తే లైన్‌మన్ల ప్రాణాలే పోవచ్చు.

ఫేజుల వరుస మారితే మూడు ఫేజుల బోరు మోటారు వెనక్కి తిరుగుతుంది. మోటారు మోగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం సన్నగా వస్తాయి. లిఫ్టు అసలు కదలదు. ప్రతి మూడు ఫేజుల ఇంట్లో మోటారు వేయించి చూడండి.

వీధిదీపాలకు వేరే కేబుల్, వేరే స్తంభాలు ముందే నిలబెట్టి ఉండాలి. ఫైబర్ వాళ్లందరూ కొత్త గొట్టంలోకి మారి, పాత తీగలు కోసుకున్నాక స్తంభాలు తీయండి.

పూడ్చేముందు ప్రతి 10 మీటర్లకూ కేబుల్ ఏ ఇంటి గోడకు ఎంత దూరంలో, ఎంత లోతులో ఉందో కొలిచి ఫొటోతో సహా పటం గీయండి. మలుపుల్లోనూ, తిన్నని దారిలో 100 మీటర్లకొకటీ రాతి గుర్తులు పాతండి. పటం ప్రతులు ఏఈ ఆఫీసుకు, మున్సిపాలిటీకి ఇచ్చి, ఒకటి కాలనీ సంఘం బీరువాలో దాచండి.