భుజం గాయానికి వీఏ తక్కువ రేటింగ్ ఇస్తే అప్పీల్ ఎలా చేయాలి?

అమెరికా మిలిటరీలో చేసొచ్చినవాళ్ళు మన తెలుగువాళ్ళలోనూ ఉన్నారు, వాళ్ళ కోసమే ఇది. వీఏ అంటే అమెరికా మాజీ సైనికుల శాఖ, రేటింగ్ అంటే గాయం వల్ల ఎంత శాతం వైకల్యం ఉందో వాళ్ళు వేసే లెక్క, పరిహారం దాన్నిబట్టే. ముందు డెసిషన్ లెటర్ మీద తేదీ చూడండి, అక్కణ్ణుంచి ఏడాది టైముంటుంది.

తర్వాత మీ సీ అండ్ పీ ఎగ్జామ్ (రేటింగ్ కోసం వీఏ చేయించే వైద్య పరీక్ష) రిపోర్ట్ కాపీ తెప్పించుకోండి, 20-10206 ఫామ్‌తో అడగొచ్చు. అసలు విషయమంతా అందులోనే ఉంటుంది, ఎందుకంటే భుజం కేసుల్లో ఎక్కువగా చూసేది చెయ్యి ఎంతవరకు లేస్తుందనే. 90 డిగ్రీల దగ్గర, అంటే భుజం ఎత్తులో, ఆగితే ఏ చేతికైనా 20 శాతం, 45 దగ్గరే ఆగితే వాటం చేతికి 30, రెండోదానికి 20, అదే 25 దాటకపోతే 40, 30. చెయ్యి పైదాకా లేచినా లేపేటప్పుడు నొప్పి ఉందని రికార్డయితే కనీసం 20 అడగొచ్చు, ఇది చాలామంది వదిలేస్తారు. గోనియోమీటర్ (కీలు ఎన్ని డిగ్రీలు కదులుతుందో కొలిచే సాధనం) పెట్టి కొలిచారా, నొప్పి బాగా తిరగబెట్టిన రోజుల్లో ఎన్ని డిగ్రీలు తగ్గుతుందో రాశారా చూడండి. "ఆ టైంలో నేను చూడలేదు కాబట్టి చెప్పలేను" అని మాత్రమే రాసి వదిలేస్తే చెల్లదని 2017లో షార్ప్ వర్సెస్ షుల్కిన్ కేసులో కోర్టు తేల్చేసింది.

ఇప్పుడు దారి ఎంచుకోండి. తప్పు పాత ఫైల్లోనే కనిపిస్తుంటే హయ్యర్ లెవెల్ రివ్యూ, ఫామ్ 20-0996, ఇందులో కొత్త పేపర్లు తీసుకోరు కానీ ఫోన్ కాన్ఫరెన్స్ అడగొచ్చు, తప్పకుండా అడగండి. కొత్త ఆధారం ఉంటే సప్లిమెంటల్ క్లెయిమ్, 20-0995. మీ ఆర్థో డాక్టర్‌తో డిగ్రీలు వేయించి భుజం డీబీక్యూ (గాయం ఎంత తీవ్రమో డాక్టర్ నింపే వీఏ ఫామ్) నింపించండి, ఇంట్లోవాళ్ళతో లెటర్ రాయించండి. "చాలా ఇబ్బంది పడుతున్నారు" అని రాస్తే లాభం లేదు, పై అరలో బియ్యం డబ్బా అందుకోలేరు, చొక్కా వేసుకోవాలంటే ముందు నొప్పి చేతిని దూర్చాలి, ఇలా రాయాలి. మూడోది బోర్డ్ అప్పీల్, ఫామ్ 10182, జడ్జి చూస్తారు, బాగా లేటవుతుంది.

మళ్ళీ ఎగ్జామ్‌కి పిలిస్తే దయచేసి పళ్ళు బిగబట్టి చెయ్యి పైకెత్తకండి. డాక్టర్ ముందు "పర్లేదండి" అనే అలవాటు మనకి బాగా ఉంది, అక్కడ అదే దెబ్బతీస్తుంది. నొప్పి ఎక్కడ మొదలైందో అక్కడే నోరు తెరిచి చెప్పండి.

డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ లాంటి మాజీ సైనికుల సంస్థల్లో ఫ్రీగా సాయం చేస్తారు, వీఏ అక్రెడిటేషన్ (గుర్తింపు) లేని కన్సల్టెంట్లకి డబ్బు కట్టొద్దు. రివ్యూలోనూ కాదన్నా ఆ నిర్ణయం వచ్చిన ఏడాదిలోపు సప్లిమెంటల్ వేస్తే మొదటి క్లెయిమ్ తేదీ పోదు, గెలిస్తే బకాయి అప్పట్నుంచీ లెక్కేసి ఇస్తారు.