రాత్రి పందుల వేటకి డిజిటల్ స్కోప్: ఎక్కడ తేడా కొడుతోంది, ఎందుకు, ఏం చెయ్యాలి

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళలో తెలిసిన రాంచర్ (పశువుల్ని పెంచే పెద్ద రైతు) పొలంలోకి రాత్రిపూట అడవి పందుల వేటకి వెళ్ళేవాళ్ళు నాకు కొంతమంది తెలుసు, వాళ్ళందరూ అడిగేది ఒకటే, అన్నా ఏ స్కోప్ కొనమంటావు అని. నేనేమంటానంటే ముందు ఏ రకం స్కోప్‌కి ఏ రోగం వస్తుందో తెలుసుకోండి, అప్పుడు కొనండి, ఎందుకంటే స్కోప్ పాడైందని నా దగ్గరకి తెచ్చినవాటిల్లో చాలావరకు స్కోప్ బాగానే ఉంది, మౌంటో (స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే బిగింపు) ఫోకసో బ్యాటరీయో తేడా, లేదంటే అసలు ఆ పనికి ఆ స్కోప్ సరిపడదు.

టెక్సస్‌లో అడవి పందులు 25 లక్షలకి పైనే ఉంటాయని అంచనా, మంద దిగిందంటే ఒక్క రాత్రిలో మొక్కజొన్న చేను ట్రాక్టర్ పెట్టి దున్నినట్టు చేసిపోతాయి, మన ఊళ్ళో వేరుశనగ రైతు ఏడుపు ఏదో ఇక్కడి రాంచర్ ఏడుపూ అదే. కాకపోతే ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి లేకుండా వేట నేరం, ఇక్కడ ప్రైవేట్ భూమిలో ఓనర్ ఒప్పుకుంటే రాత్రి కూడా పందుల్ని కొట్టొచ్చు. కాబట్టి నేను రాసేదంతా ఇక్కడి సంగతే.

స్కోపులు రెండు జాతులు. ఒకటి డిజిటల్ నైట్ విజన్, అంటే లోపల కెమెరా సెన్సరు, పైన ఒక ఐఆర్ టార్చి (మన కంటికి దాదాపు కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుది), పగలు కూడా వాడుకోవచ్చు, ఏటీఎన్ ఎక్స్-సైట్, సైట్‌మార్క్ రెయిత్ ఇలాంటివి. రెండోది థర్మల్, వెలుతురుతో పనిలేదు, వేడిని చూస్తుంది, పల్సర్ థర్మియాన్, ఏటీఎన్ థోర్ ఈ రకం. ఇంకో మాట, కింద చెప్పేవి ఏది చేసినా ముందు రైఫిల్ ఖాళీ చేసి, మ్యాగజీన్ తీసేసి, చాంబర్‌లో కంటితో చూసి వేలు పెట్టి కూడా చూసుకుని అప్పుడే స్కోప్ మీద చెయ్యి వెయ్యండి.

బొమ్మ మసకగా ఉంది, ఎంత తిప్పినా క్లియర్ అవ్వట్లేదు

అందరికన్నా ఎక్కువ వచ్చే కంప్లైంట్ ఇదే, కారణం ఏంటంటే డిజిటల్ స్కోప్‌లో ఫోకస్‌లు రెండు ఉంటాయి, చాలామంది ఒక్కటే తిప్పుతారు. కంటి దగ్గర ఉండేది డయాప్టర్, అది మీ కంటికీ లోపలి చిన్న స్క్రీన్‌కీ మధ్య సంగతి. ముందు వైపు లెన్స్ దగ్గర ఉండేది దూరానికి. ముందు బయట ఉన్న జంతువునీ చెట్టునీ పట్టించుకోకుండా స్క్రీన్ మీద ఉన్న రెటికల్ (గురి పెట్టే గుర్తు), బ్యాటరీ గుర్తు, అంకెలు వీటి వైపే చూస్తూ అవి షార్ప్‌గా వచ్చేదాకా డయాప్టర్ తిప్పండి, దాన్ని ఇంక ముట్టుకోవద్దు, తర్వాత ముందు లెన్స్ తిప్పి టార్గెట్‌ని తెచ్చుకోండి. అంకెలు షార్ప్‌గా ఉండి జంతువు మాత్రం మసకగా ఉందంటే ముందు ఫోకస్, అంకెలే మసకగా ఉంటే డయాప్టర్. కళ్ళజోడు పెట్టుకుని వేటాడేవాళ్ళు కళ్ళజోడుతోనే సెట్ చేస్కోండి, పెట్టుకోకుండా సెట్ చేసి పెట్టుకుని చూస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

జూమ్ పెంచినప్పుడే మసకగా అవుతోందంటే అది రోగం కాదు, డిజిటల్ జూమ్ అంటే ఉన్న పిక్సెల్స్‌నే సాగదీయడం. స్కోప్ ఎంత దాకా జూమ్ అవుతుందో కాదు, జూమ్ మొదలయ్యే నంబరు ఎంతో అడగండి కొనేటప్పుడు.

జీరో నిలబడట్లేదు, పోయినవారం సరిగ్గా పడింది ఈ వారం నాలుగు అంగుళాలు పక్కకి పోతోంది

జీరో అంటే గురి పెట్టిన చోటే బుల్లెట్ పడేలా స్కోప్‌ని సరిచేసి పెట్టుకోవడం. అది పోతే ముందు మౌంట్ చూడండి, మెనూ తర్వాత. డిజిటల్ స్కోపులు మామూలు గాజు స్కోప్ కన్నా బరువు, ప్రతి దెబ్బకీ ఆ బరువంతా స్క్రూల మీద పడుతుంది, చేత్తో ఎల్-కీ పెట్టి గట్టిగా తిప్పాను చాలదా అంటారు, చాలదు. అంగుళం-పౌండ్ల టార్క్ రెంచ్ ఒకటి కొనండి, రింగుల పై స్క్రూలకి మామూలుగా 15 నుంచి 20 మధ్య చెప్తారు, మీ రింగులతో వచ్చిన కాగితం మీద ఏముంటే అదే ఫైనల్. ఎక్కువ బిగించినా ట్యూబ్ నొక్కుకుపోతుంది. స్క్రూకీ రింగుకీ కలిపి నెయిల్ పాలిష్‌తో సన్నటి గీత గీసి పెట్టండి, వదులైతే గీత విరిగి కనపడుతుంది, రెండు డాలర్ల పని.

మౌంట్ బాగుంటే రెండో అనుమానం ప్రొఫైల్. ఈ స్కోపుల్లో రెండు మూడు రైఫిళ్ళకి వేరువేరు జీరోలు దాచుకోవచ్చు, చీకట్లో గ్లవ్స్‌తో మెనూ నొక్కుతుంటే తెలీకుండా .308 బుల్లెట్ ప్రొఫైల్ నుంచి .300 బ్లాకౌట్ బుల్లెట్ ప్రొఫైల్‌కి పోవడం చాలా తేలిక. జీరో పోయిందని 20 బుల్లెట్లు తగలేసే ముందు ప్రొఫైల్ పేరు చూడండి. బుల్లెట్ బరువు, కంపెనీ మార్చారా అన్నది కూడా చూస్కోండి, 150 గ్రెయిన్ మానేసి 168 గ్రెయిన్ వేస్తే దెబ్బ పడేచోటు మారుతుంది, అది స్కోప్ తప్పు కాదు.

మూడోది, అసలు మొదట్లోనే జీరో సరిగ్గా కుదరకపోవడం. థర్మల్‌లో కాగితం టార్గెట్ కనపడదు, కాగితమూ దాని వెనక అట్టా ఒకే వేడి మీద ఉంటాయి కదా. అట్టకి చిన్న కన్నం పెట్టి వెనక హ్యాండ్ వార్మర్ ప్యాకెట్ అంటించండి, తెల్లగా మెరుస్తుంది, లేదా అల్యూమినియం టేప్ చిన్న ముక్క అంటించి టార్గెట్‌ని కొంచెం ఆకాశం వైపు వంచితే అది చల్లని ఆకాశాన్ని అద్దంలా చూపించి నల్లగా కనపడుతుంది. తర్వాత క్లిక్ (రెటికల్‌ని జరిపే ఒక్కో మెట్టు) సంగతి, ఇక్కడ రెటికల్ స్క్రీన్ మీద పిక్సెల్ లెక్కన జరుగుతుంది కాబట్టి కొన్ని మోడల్స్‌లో ఒక్క క్లిక్కుకే 100 గజాల దగ్గర అంగుళం దాకా జరగొచ్చు, అందుకే ఒక్క బుల్లెట్ చూసి తిప్పొద్దు, మూడు కొట్టి గ్రూప్ మధ్య ఎక్కడుందో చూసి అప్పుడు తిప్పండి.

నైట్ విజన్‌లో రాత్రి అంతా తెల్లగా పొగలా ఉంది

శీతాకాలం తెల్లవారుజామున పొగమంచులో హైబీమ్ వేసుకుని బండి నడిపితే ఏమవుతుందో ఇదీ అంతే. ఐఆర్ టార్చి కాంతి ముందున్న గడ్డి మీదో మంచు మీదో మీ సప్రెసర్ (బ్యారెల్ చివర బిగించే చప్పుడు తగ్గించే గొట్టం) మీదో పడి వెనక్కి వచ్చి సెన్సర్‌ని నింపేస్తోంది, దాంతో వెనకున్న పంది చీకట్లో కలిసిపోతుంది. టార్చి పవర్ తగ్గించి దాని వెలుగు వృత్తం చిన్నది చేస్కోండి, టార్చిని బ్యారెల్‌కి దూరంగా పక్కకి జరిపి బిగించండి, పడుకుని కాకుండా ట్రైపాడ్ మీద గడ్డి కన్నా ఎత్తులో పెట్టి చూడండి. మంచు బాగా పట్టిన రాత్రి ఏ టార్చీ పనిచెయ్యదు, ఆ రాత్రి ఇంటికి రావడమే.

టార్చి కొనేటప్పుడు 850 నానోమీటర్లా 940 ఆ అని అడగండి. 850 దూరం పోతుంది కానీ టార్చి ముఖం మీద సన్నగా ఎర్ర వెలుగు కనపడుతుంది, బెదిరిన మంద దాన్ని పసిగట్టే అవకాశం ఉంది. 940 కనపడదు, కానీ సెన్సర్లకి అది అంతగా అందదు కాబట్టి దూరం తగ్గుతుంది. ఫీడర్ (పందులకి మేత వేసే డబ్బా) దగ్గర 80 గజాల్లో కూర్చునేవాళ్ళకి 940 సరిపోవచ్చు, బయలు పొలాలకి నా ఓటు 850కే.

థర్మల్‌లో అంతా బూడిద రంగులో ఒకేలా ఉంది, గీతలు వస్తున్నాయి

గీతలూ మచ్చలూ వస్తే క్యాలిబ్రేషన్ కావాలి. థర్మల్ మధ్యమధ్యలో టక్కుమని చప్పుడు చేసి ఒక్క క్షణం ఆగిపోతుంది చూడండి, అది పాడవ్వడం కాదు, లోపలి షటర్ మూసుకుని సెన్సర్ తనని తాను సరిచేసుకోవడం. మాన్యువల్‌లో పెట్టి మర్చిపోయుంటారు, లెన్స్ మూత వేసి బటన్ నొక్కండి, లేదంటే ఆటోలో పెట్టేయండి.

గీతలు లేకుండా బొమ్మ మాత్రం చప్పగా ఉంటే వాతావరణం. వాన పడ్డాక నేలా చెట్టూ అన్నీ ఒకే వేడికి వస్తాయి, పొద్దు పొడిచేటప్పుడూ కుంకేటప్పుడూ కూడా కాసేపు అంతే, గాలిలో తేమ ఎక్కువైతే దూరంలో ఉన్నవి ఇంకా కలిసిపోతాయి. కాంట్రాస్ట్ పెంచి, తెలుపు-వేడి (వేడివి తెల్లగా కనపడే సెట్టింగ్) నుంచి నలుపు-వేడికి మార్చి చూడండి, కొంతమంది కళ్ళకి అది బాగా తేలుతుంది. కొనేటప్పుడు సెన్సర్ సున్నితత్వం మిల్లీకెల్విన్లలో రాస్తారు, ఆ అంకె ఎంత తక్కువైతే ఇలాంటి తడి రాత్రుల్లో అంత మేలు, 25 లోపు ఉంటే మంచిది. ట్రక్కులో కూర్చుని అద్దంలోంచి చూసి ఏమీ కనపడట్లేదని ఫోన్ చేసినవాళ్ళున్నారు, థర్మల్ చూసే వేడి కిరణాలు గాజులోంచి రావు, అద్దం దించాలి. ఏ థర్మల్‌నీ సూర్యుడి వైపు మాత్రం తిప్పొద్దు, సెన్సర్ కాలిపోతుంది.

బ్యాటరీ గంటకే అయిపోతోంది, పేలిస్తే స్కోప్ ఆరిపోతోంది

18650 సెల్ (ఈ స్కోపుల్లో చాలావాటికి వేసే రీచార్జ్ బ్యాటరీ) మీద 9900 అని రాసుంటే అది అబద్ధం, ఈ సైజులో నిజమైన సెల్ 3500 ఎంఏహెచ్ చుట్టుపక్కలే ఆగిపోతుంది, పేరున్న సెల్ కొనండి. లోపల రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్ కొంచెం పొడవు, లేనిది పొట్టి, మాన్యువల్‌లో ఏది చెప్పారో చూడకుండా పొట్టిది వేస్తే దెబ్బ అదురుకి స్ప్రింగ్ నుంచి క్షణం విడిపోయి స్కోప్ ఆరిపోతుంది. వైఫై ఆపేయండి, రికార్డింగ్ అవసరమైనప్పుడే పెట్టండి, చలికాలం స్పేర్ సెల్స్ లోపలి జేబులో వెచ్చగా ఉంచుకోండి.

ఏదో కనపడుతోంది, పందో కాదో తెలియట్లేదు

ఇక్కడ మాత్రం నిదానంగా చదవండి, మిగతావి డబ్బు పోయే సమస్యలు, ఇది ప్రాణం పోయేది.

పెట్టె మీద 1800 మీటర్ల రేంజ్ అని రాస్తారు. అది అక్కడ ఏదో ఉంది అని తెలిసే దూరం, అది ఏంటో తెలిసే దూరం కాదు. లెక్క వేసి చూద్దాం. సెన్సర్ పిక్సెల్ 12 మైక్రాన్లు, లెన్స్ 50 ఎంఎం అనుకోండి, 100 మీటర్ల దగ్గర ఒక్క పిక్సెల్ 2.4 సెంటీమీటర్లు చూస్తుంది, 1800 మీటర్ల దగ్గర 43 సెంటీమీటర్లు. అంటే నిలబడ్డ ఆరడుగుల మనిషి అంత దూరంలో నాలుగు పిక్సెల్స్ ఎత్తు, నాలుగు చుక్కలు. అదే 25 ఎంఎం లెన్స్ అయితే ప్రతి దూరంలోనూ పడే పిక్సెల్స్ ఇందులో సగమే. 1.2 మీటర్ల పొడవున్న పంది 200 మీటర్ల దగ్గర 50 ఎంఎం లెన్స్‌లో సుమారు 25 పిక్సెల్స్ పొడవు, 25 ఎంఎం లెన్స్‌లో 12 చిల్లర. 12 పిక్సెల్స్‌లో పంది మూతికీ దూడ మూతికీ తేడా చెప్పగలరా? నేను చెప్పలేను.

రెండేళ్ళ కిందట నా స్కోప్‌లో 180 గజాల దగ్గర గడ్డిలో పడుకున్న నాలుగు ముద్దలు తెల్లగా కనపడ్డాయి, సైజు పందిదే, సేఫ్టీ మీద వేలుంది. పక్కనున్న రాంచర్ ఆగమని నా భుజం పట్టుకున్నాడు, రెండు నిమిషాలు చూశాం, ఒకటి లేచి నిలబడింది, పొడుగు కాళ్ళు, దూడ. ఆ రాత్రి తర్వాత జంతువు లేచి నడిచేదాకా, కాళ్ళూ మెడా నడకా చూసేదాకా నేను సేఫ్టీ తియ్యను. పంది అయితే మెడ కనపడదు, తల నేరుగా భుజాల్లోకి దిగిపోయి కాళ్ళు పొట్టిగా చకచకా నడుస్తుంది.

దీనికి పరిష్కారం మెనూలో లేదు, కొనేటప్పుడే ఉంది. మీరు కొట్టే దూరం 100 గజాలు దాటకపోతే 384 సెన్సర్ (అడ్డంగా 384 పిక్సెల్స్ ఉన్నది), 35 ఎంఎం లెన్స్ చాలు, 200 దాటితే 640 సెన్సర్, 50 ఎంఎం లెన్స్ తీస్కోండి, డబ్బు చాలకపోతే ఇంకా దగ్గరకి వెళ్ళి కూర్చోండి. రెండోది, వెతకడానికి స్కోప్ వాడొద్దు, వెతుకుతున్నంతసేపూ రైఫిల్ అటు తిరుగుతూనే ఉంటుంది, అటు ఎవరున్నారో మీకు తెలీదు. చిన్న చేతి థర్మల్ మోనాక్యులర్ (ఒంటి కన్నుతో చూసే దుర్బిణి) వేరేగా పెట్టుకోండి. బడ్జెట్ ఒకదానికే ఉంటే నేను ముందు మోనాక్యులరే కొనమంటాను. థర్మల్‌లో వెనక ఏముందో కూడా సరిగ్గా తెలీదు, చల్లబడ్డ తీగ కంచె, రోడ్డు, దూరంగా ఇల్లు, ఇవి పగలే వెళ్ళి చూసి పెట్టుకోవాలి.

దూరం కొడితే బ్యాలిస్టిక్ లెక్క తప్పుతోంది

బ్యాలిస్టిక్ లెక్క అంటే ఏ దూరంలో బుల్లెట్ ఎంత కిందకి జారుతుందో స్కోప్ వేసే లెక్క. దాంట్లో బుల్లెట్ డబ్బా మీద రాసిన వేగం వేసుంటారు, మీ బ్యారెల్‌లో అంత రాదు, క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టి కొలవండి. బ్యారెల్ మధ్య నుంచి స్కోప్ మధ్యకి ఎత్తు కూడా టేప్‌తో కొలిచి వెయ్యండి, ఈ స్కోపులు ఎత్తుగా కూర్చుంటాయి కాబట్టి ముందే వేసున్న 1.5 అంగుళాలు చాలాసార్లు తప్పు.

వీసా, లైసెన్స్, సూట్‌కేస్

టెక్సస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి ప్రైవేట్ భూమిలో ఓనర్ అనుమతితో పందుల వేటకి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు. ఇది విని హెచ్1బీ, ఎఫ్1 మీద ఉన్న తమ్ముళ్ళు రైఫిల్ పట్టుకుంటున్నారు, ఆగండి. ఫెడరల్ చట్టం ప్రకారం ఈ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ బుల్లెట్లు గానీ దగ్గర పెట్టుకోకూడదు, దానికున్న మినహాయింపుల్లో ఒకటి చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్. అంటే పందికి అక్కర్లేని ఆ కాగితం మీ చేతిలో రైఫిల్ ఉండటానికి కావాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చెయ్యాలి. ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగి అప్పుడు వెళ్ళండి. పందులకి వాడే ఇదే స్కోప్‌తో రాత్రి జింకని కొట్టడం మాత్రం నేరం, జింకల వేట సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే.

ఊరికి వెళ్తూ బావగారికి చూపిద్దామని స్కోప్‌ని సూట్‌కేస్‌లో పెట్టుకోవద్దు. థర్మల్, నైట్ విజన్ రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ కిందకి వస్తాయి, లైసెన్స్ లేకుండా దేశం దాటిస్తే పెద్ద కేసు అవుతుంది, సెల్స్ తీసేసి ఇంట్లోనే పొడిగా ఉన్నచోట తాళం వేసి వెళ్ళండి.