మీ వీధిలో అద్దె ఇళ్లెన్ని? లెక్కేసి అవసరాలు గుర్తించడం ఎలా

"నీళ్లు చాలడం లేదు, డ్రైను పొంగుతోంది" అని అర్జీ రాస్తే సరిపోదు. ఎవరికి చాలడం లేదో కూడా చెప్పాలి. సొంతిల్లయితే సంపు కట్టించుకుంటారు, గుమ్మం ఎత్తు చేయించుకుంటారు. అద్దెకున్నవాళ్లు ఓనరుని అడగాలి, ఆయనేమో హైదరాబాద్‌లో ఉంటాడు. అందుకే ముందు అద్దె ఇళ్లు లెక్కేయమంటాను.

1. హద్దు గీసుకోండి. వార్డంతా వద్దు. కాలవగట్టు నుంచి మెయిన్ రోడ్డు దాకా మూడు నాలుగు వీధులు చాలు.

2. పోల్చడానికి ఒక అంకె పెట్టుకోండి. 2011 జనాభా లెక్కల్లో ఇళ్లను సొంతం, అద్దె, ఇతర అని మూడుగా విడదీశారు. దేశం మొత్తం మీద పట్టణాల్లో 27.5 శాతం కుటుంబాలు అద్దెకున్నాయి, పల్లెల్లో 3.4 శాతమే. పాత లెక్కే, కొలబద్దగా పనికొస్తుంది.

3. తిరిగి లెక్కేయండి. తలుపు కొట్టి "మీది అద్దిల్లా?" అంటే పన్ను పెంచడానికొచ్చారనుకుంటారు. ముందు మెట్ల కింద కరెంటు మీటర్లు చూడండి. భీమవరంలో నేను చూసిన ఒక డాబాకి ఆరు మీటర్లు. వాటి మీద సుద్దముక్కతో "పైది", "వెనక పోర్షన్", "గది" అని రాసుంది. బయటికి ఒక్క గేటే. అయితే ఒకే మీటరు మీద రెండు కుటుంబాలుండే ఇళ్లూ ఉంటాయి. వాటి సంగతి వాటర్ క్యాన్లు వేసే అబ్బాయిని అడగండి, "ఆ వెనక ఇద్దరున్నారండీ" అని చెప్పేస్తాడు.

టు-లెట్ బోర్డుల్ని మాత్రం నమ్ముకోకండి. ఆషాఢంలో ఇల్లు మారేవాళ్లు తక్కువ, బోర్డు అలా వేలాడుతూనే ఉంటుంది.

4. భాగించండి. అద్దె ఇళ్లను, మనుషులు ఉంటున్న ఇళ్లతో భాగించి 100తో గుణించాలి. తాళం వేసినవి కలపొద్దు, మన వైపు పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. ఉదాహరణకి 80 ఇళ్లలో 12కి తాళం, 34 అద్దెవి అనుకోండి. 34ని 68తో భాగిస్తే 50 శాతం. పొరపాటున 80తో భాగిస్తే 42.5కి పడిపోతుంది.

5. ఎవరుంటున్నారో చూడండి. అసలు పని ఇదే. యాభై శాతం అనగానే పేదవీధి అనుకోకూడదు. బదిలీ మీదొచ్చిన బ్యాంకు ఉద్యోగులైతే వాళ్లకి కావాల్సింది వేరు. ఇంజనీరింగ్ కుర్రాళ్లయితే వీధిదీపాలు, చెత్తబండి టైము. రొయ్యల ప్లాంటులో షిఫ్టులకెళ్లే ఆడవాళ్లయితే పొద్దున ఆరింటికొచ్చే కుళాయి వాళ్లకి అందదు, పిల్లల్ని చూసుకునేవాళ్లూ ఉండరు. అడిగితే ఇలాంటివే అడగండి: ఎన్నాళ్లుగా ఉంటున్నారు, నీళ్లు ఎప్పుడు పట్టుకుంటారు, రేషన్ కార్డు ఏ ఊళ్లో ఉంది?

ఊరి శివార్లయితే ఆ మూడో గడి, "ఇతర", మర్చిపోకండి. చేపల చెరువు గట్టు మీద షెడ్డులో కాపలా ఉండే కుటుంబం అద్దె కట్టదు, ఇల్లూ వాళ్లది కాదు. అద్దె శాతం ఒక్కటే చూస్తే వాళ్లు లెక్కలోకే రారు.

6. అర్జీ పెట్టండి. ఒక కాగితం మీద వీధుల పటం గీసి, అద్దె శాతం, కనబడిన రెండు అవసరాలు రాసి వార్డు సచివాలయంలో ఇవ్వండి. పేర్లు, అద్దెలు రాయొద్దు, ఓనర్లతో లేనిపోని తగువు. రసీదు మాత్రం తీసుకోండి.

శ్రావణం వచ్చాక ఇంకోసారి తిరగండి, అప్పటికి సగం పోర్షన్లలో మనుషులు మారి ఉండొచ్చు.