సీటీ యాంజియోగ్రామ్‌లో కాంట్రాస్ట్ మోతాదును తగ్గించే విధానం

సీటీ యాంజియోగ్రామ్‌లో, అంటే రక్తనాళాల సీటీ స్కాన్‌లో, అవి స్పష్టంగా కనిపించేందుకు సిరలోకి ఎక్కించే అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందును తగ్గించాలనుకున్నప్పుడు చాలామంది ముందుగా ఇంజెక్టర్ తెర మీద మిల్లీలీటర్ల అంకెను తగ్గిస్తారు. అక్కడ మొదలుపెట్టడం సరికాదు. రక్తనాళం మసకగా వచ్చి పరీక్షను మళ్లీ చేయవలసి వస్తే, ఈజీఎఫ్ఆర్ (మూత్రపిండాల వడపోత సామర్థ్యపు కొలత) 30 కంటే తక్కువగా ఉన్న రోగి శరీరంలోకి ఒకటికి రెండు మోతాదులు వెళ్తాయి. కాబట్టి మొదట ఎక్స్‌రే ట్యూబ్ వోల్టేజీని తగ్గించాలి, దానివల్ల దొరికే వెసులుబాటు మేరకే మందును తగ్గించాలి.

అయోడిన్ ఎక్స్‌రేలను శోషించే శక్తి 33.2 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ఒక్కసారిగా పెరుగుతుంది. 120 కిలోవోల్టుల నుంచి 100కు, 80కి దిగేకొద్దీ కిరణాల సగటు శక్తి ఆ స్థాయికి దగ్గరవుతుంది కాబట్టి, అంతే అయోడిన్ మరింత తెల్లగా కనిపిస్తుంది. వోల్టేజీ 10 కిలోవోల్టులు తగ్గినప్పుడల్లా అయోడిన్‌ను సుమారు 10 శాతం తగ్గించవచ్చన్నది వాడుకలో ఉన్న సులువైన లెక్క.

ఉదాహరణకు 120 కిలోవోల్టుల వద్ద, మిల్లీలీటరుకు 350 మిల్లీగ్రాముల అయోడిన్ ఉన్న మందును సెకనుకు 5 మిల్లీలీటర్ల చొప్పున 15 సెకన్లు ఇస్తున్నారనుకుందాం. అది 75 మిల్లీలీటర్లు. 100 కిలోవోల్టులకు మారితే సెకనుకు 4 మిల్లీలీటర్ల చొప్పున అదే 15 సెకన్లు, అంటే 60 మిల్లీలీటర్లు సరిపోతాయి. 80 వద్ద సెకనుకు 3 చొప్పున 45 చాలు. తగ్గించవలసింది వేగాన్ని, ఇంజెక్షన్ వ్యవధిని కుదిస్తే స్కాన్ ముగియకముందే మందు ధమనిని దాటిపోవచ్చు. వేగం తగ్గితే చిన్న కాన్యులా (సిరలో పెట్టే సన్నని గొట్టం) కూడా సరిపోతుంది, సిరలు సరిగా దొరకని వృద్ధులకు ఇదెంతో మేలు.

వోల్టేజీ తగ్గితే చిత్రంలో నాయిస్ (చుక్కలు చుక్కలుగా కనిపించే గరుకుదనం) పెరుగుతుంది. ట్యూబ్ కరెంటును పెంచి, ఇటరేటివ్ రీకన్‌స్ట్రక్షన్‌ను (చిత్రాన్ని పదేపదే సరిచేస్తూ కూర్చే కంప్యూటర్ పద్ధతిని) వాడి దాన్ని అదుపులో ఉంచాలి. స్థూలకాయులకు 80 కిలోవోల్టులు నప్పవు, వారికి 100 లేదా 120 వద్దే ఆగడం మంచిది.

మందు వెనుక సెలైన్ పంపడం ఎన్నడూ మానకూడదు. ఇంజెక్షన్ పూర్తయ్యాక ఇంజెక్టర్ గొట్టంలోనూ చేతి సిరల్లోనూ మిగిలిన మందు ధమనికి చేరదు. గుండెకు పైనుంచి రక్తం తెచ్చే ఊర్ధ్వ మహాసిరలో దట్టంగా నిలిచి, పక్కనున్న మహాధమని మీద చారలు మాత్రం వేస్తుంది. వెనువెంటనే అదే వేగంతో 30 నుంచి 50 మిల్లీలీటర్ల సెలైన్ పంపితే ఆ మందు కూడా పనికివస్తుంది. వీలైతే కుడి మోచేతి సిరనే ఎంచుకోవాలి, ఎడమవైపు దారి పొడవైనది.

మోతాదు చిన్నదైనప్పుడు మందు గరిష్ఠంగా ఉండే సమయమూ చిన్నదే, అందువల్ల ఇంజెక్షన్‌కూ స్కాన్‌కూ మధ్య ఆలస్యాన్ని అంచనా మీద నిర్ణయించక, ధమనిలో మందు సాంద్రత ఒక హద్దును అందుకోగానే స్కాన్‌ను మొదలుపెట్టే బోలస్ ట్రాకింగ్‌నే నమ్ముకోవాలి. వోల్టేజీ మార్చకుండా మందు మాత్రమే తగ్గిస్తే, 150 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల (సీటీలో సాంద్రతను కొలిచే ప్రమాణం) హద్దు ఆలస్యంగా అందుతుంది, ఒక్కోసారి అసలు అందదు. గుండె బలహీనంగా ఉన్నవారిలో మందు నెమ్మదిగా చేరుతుంది. వారికి స్థిరమైన ఆలస్యం ప్రమాదకరం.

ప్రతి పరీక్ష తర్వాత మహాధమనిలో సాంద్రతను కొలిచి, రోగి బరువు, వోల్టేజీ, ఇచ్చిన అయోడిన్‌లతోపాటు రాసిపెట్టాలి. 400 యూనిట్లు దాటుతున్నట్లయితే, రేడియాలజిస్టుతో మాట్లాడి, అదే బరువున్న తర్వాతి రోగికి మరికొంత తగ్గించవచ్చు. 250 కంటే తక్కువగా వస్తున్నట్లయితే, మోతాదును పాత స్థాయికి తీసుకురావాలి.